పాత పుస్తకాల ప్రదర్శనకు పిల్లలతో వెళ్తున్నారా? విశాఖ కుటుంబాల కోసం సమగ్ర మార్గదర్శి

"తాళపత్రాల ప్రదర్శన అంటే పిల్లల్ని తీసుకెళ్లాం. పావుగంటలో బయటికొచ్చేశాం. వాళ్లకేమీ ఎక్కలేదు, మాకూ ఏం చెప్పాలో తెలియలేదు." ఈ మాట నాతో చాలామంది అన్నారు. కొంచెం అటూఇటూగా అందరి ఇబ్బందీ ఒకటే.

మాకూ మొదటిసారి అదే జరిగింది. ఇరవైకి పైగా గాజుపెట్టెలు. ఒక్కోదాని ముందు ఆగడం, చీటీ చదవడం, ముందుకు కదలడం. ఐదో పెట్టె దగ్గరికి వచ్చేసరికి చిన్నవాడు నేల మీద కూర్చుండిపోయాడు. రెండోసారి వేరే చోటికి వెళ్లినప్పుడు అనుకోకుండా వరస తిరగబడింది. చూసే గదిలో జనం ఎక్కువగా ఉన్నారని ముందు పిల్లల్ని చేతిపని బల్ల దగ్గర కూర్చోబెట్టారు. వాడు అరగంట తాటాకు మీద గీకి, తన పేరు రాసుకుని, ఆ తర్వాత గాజుపెట్టె దగ్గరికి వెళ్లాడు. ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా వంగి, "ఇంత చిన్నగా ఎలా రాశారు నాన్నా?" అన్నాడు.

అందుకే ఈ మార్గదర్శి అంతా ఒక మాట చుట్టూనే తిరుగుతుంది: ముందు చేయి, తర్వాత కన్ను. సన్నాహం కూడా దానికి తగ్గట్టే చేసుకోవాలి.

## 1. మీకు కావాల్సింది ఏదో ముందు తేల్చుకోండి

పాత పుస్తకాలున్న గ్రంథాలయానికి వెళ్లడంలో మూడు రకాలున్నాయి. మూడూ ఒకటే అనుకుంటే అక్కడే చిక్కు మొదలవుతుంది.

- ప్రదర్శన: పుస్తకాలు గాజుపెట్టెల్లో ఉంటాయి. చూడటమే, ముట్టుకోవడం ఉండదు. ఏ వయసువాళ్లయినా వెళ్లొచ్చు.
- చేతిపని శిబిరం: తాటాకు మీద రాయడం, అచ్చు వేయడం, పుస్తకం కుట్టడం లాంటివి. సీట్లు తక్కువ, ముందే పేరు ఇవ్వాలి. ఆరేళ్లు దాటితే పిల్లలు బాగా చేస్తారు.
- చదువు గది: అసలు గ్రంథాన్ని బల్ల మీద పెట్టించుకుని చూడటం. దీనికి అనుమతి, గుర్తింపు కార్డు, ఎందుకు చూడాలనుకుంటున్నారో చెప్పే కారణం కావాలి. చిన్నపిల్లలతో దీని జోలికి వెళ్లకండి. పదో తరగతి దాటిన పిల్లలకైతే మంచి అనుభవం.

కుటుంబానికి మొదటి రెండూ ఒకే రోజు కుదిరితే అంతకంటే కావాల్సింది లేదు. కుదరకపోతే చేతిపని ఇంట్లో చేసుకుని ప్రదర్శనకు వెళ్లండి. ఎలాగో ఆరో అంశంలో ఉంది.

## 2. విశాఖలో ఎక్కడ, ఎప్పుడు

ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో పాత పుస్తకాలు, తాళపత్రాలు ఉన్నాయి. అది ప్రధానంగా విద్యార్థులకు, పరిశోధకులకు. కాబట్టి ఆదివారం సరదాగా వెళ్లి తలుపు తట్టే చోటు కాదు. ప్రదర్శన ఉందా, బయటివాళ్లను రానిస్తారా అన్నది ముందే కనుక్కోండి.

బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియం పాత డచ్చి బంగళాలో ఉంది. అక్కడ చేతిరాత ప్రతులు, ఉత్తరాలు, డైరీలు, పటాలు ఇతర వస్తువుల మధ్య కనిపిస్తాయి. 1942 ఏప్రిల్‌లో ఊరి మీద జపాన్ విమానాలు వేసిన బాంబుల్లో పేలని ఒకటి కూడా అక్కడే ఉంది. పిల్లలు ముందు దాని దగ్గరికే పరిగెత్తుతారు. పరిగెత్తనివ్వండి, తర్వాత ఉత్తరాల దగ్గరికి తీసుకురండి.

ద్వారకానగర్‌లోని విశాఖపట్నం పౌర గ్రంథాలయం ఆర్టీసీ కాంప్లెక్స్‌కు దగ్గర. పిల్లలకు గ్రంథాలయం అలవాటు లేకపోతే ముందు అక్కడికి ఒకట్రెండుసార్లు తీసుకెళ్లండి. నెమ్మదిగా మాట్లాడటం, పుస్తకం తీసిన చోట పెట్టడం అక్కడ అలవడతాయి.

ఏ రోజులపై కన్నేసి ఉంచాలంటే:

- నవంబర్ 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. మొదటి రోజే బాలల దినోత్సవం కాబట్టి పిల్లల కార్యక్రమాలు ఉండే అవకాశం ఎక్కువ.
- నవంబర్ 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారం.
- ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం.
- ఏప్రిల్ 23 ప్రపంచ పుస్తక దినోత్సవం, మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం.

నా ఓటు నవంబర్‌కే. ఉక్కపోత తగ్గుతుంది, చేతులకు చెమట తక్కువ. కాకపోతే అది తుపాన్ల కాలం కూడా. ముందురోజు రాత్రి వాతావరణ హెచ్చరిక చూసుకుని బయల్దేరండి.

## 3. ఫోన్ చేసి అడగాల్సినవి

పేపర్లో వచ్చిన రెండు లైన్ల వార్త చూసి బయల్దేరకండి. ఒక్క ఫోన్ చేస్తే సగం టెన్షన్ పోతుంది. "నమస్కారమండీ. ఇద్దరు పిల్లలు, మా అత్తగారు, మేమిద్దరం వద్దామనుకుంటున్నాం" అని మొదలుపెట్టి, వయసులతో సహా చెప్పండి. పెద్దావిడ వస్తున్నారంటే వాళ్లే మెట్ల సంగతి, కుర్చీ సంగతి చెబుతారు.

అడగాల్సినవి ఇవి:

- బయటివాళ్లకు ప్రవేశం ఉందా? గుర్తింపు కార్డు కావాలా?
- చేతిపని ఏ గంటకు? ముందే పేరు ఇవ్వాలా? సామాను వాళ్లే ఇస్తారా?
- బ్యాగులు ఎక్కడ పెట్టాలి?
- ఫొటోలు తీయొచ్చా? ఫ్లాష్ లేకుండా అయినా?
- మధ్యాహ్నం భోజన విరామంలో మూసేస్తారా?
- దగ్గరుండి వివరించేవాళ్లు ఏ సమయంలో ఉంటారు?

ఈ చివరి ప్రశ్న మర్చిపోకండి. గ్రంథాలను చూసుకునే మనిషి పక్కనుండి చెబితే వచ్చే తేడా ఏ చీటీ చదివినా రాదు.

## 4. వారం ముందు ఇంట్లో: పిల్లల కళ్లకు పని పెట్టండి

పిల్లలు గాజుపెట్టె ముందు విసుక్కునేది అక్కడ ఏం వెతకాలో తెలియక. ఈ వారంలో మూడు చిన్న విషయాలు నేర్పితే చాలు. రోజుకు పది నిమిషాలు.

మొదటిది, తెలుగు అంకెలు. ౦ ౧ ౨ ౩ ౪ ౫ ౬ ౭ ౮ ౯. ఒక అట్టముక్క మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. వాళ్ల పుట్టిన సంవత్సరం, ఇంటి నంబరు ఈ అంకెల్లో రాయమనండి. పాత పుస్తకం ముఖపత్రం మీద ౧౮౫౨ అని కనిపిస్తే పిల్లలు పెద్దవాళ్లకంటే ముందే చదివేస్తారు. ఆ ముచ్చట మీరే చూస్తారు.

రెండోది, ఇప్పుడు పెద్దగా కనిపించని అక్షరాలు. బండి ర (ఱ), అరసున్న (ఁ), చ, జ అక్షరాల నెత్తిన చిన్న గుర్తుతో ఉండే ౘ, ౙ. ఇక్కడ అమ్మమ్మను, తాతయ్యను రంగంలోకి దింపండి. మా పిల్లలకు బండి ర నేర్పింది మా అత్తగారే. "ఇది బండి చక్రంలా తిరిగుంటుంది చూడు" అని ఆవిడ వేలితో గాల్లో గీసి చూపించారు. ప్రదర్శనలో ఒక్కో బండి రకు ఒక మార్కు, అరసున్నకు రెండు మార్కులు అని పెట్టుకుంటే పిల్లలే వెతుక్కుంటారు.

మూడోది, సంవత్సరం కనుక్కోవడం. పాత పుస్తకాల మీద క్రీస్తుశకం లేకుండా శాలివాహన శకం గానీ, సంవత్సరం పేరు గానీ మాత్రమే ఉండొచ్చు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. 1747 శకం అని ఉంటే 1825 అన్నమాట. శక సంవత్సరం చివరి రెండుమూడు నెలల్లోనిదైతే 1826 అవుతుంది.

పేరు మాత్రమే ఉంటే ఆట ఇంకా బాగుంటుంది. పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. 2025 ఉగాదితో విశ్వావసు వచ్చింది. అంతకుముందు 1965లో, 1905లో, 1845లో వచ్చింది. పుస్తకం మీద విశ్వావసు అని ఉంటే వీటిలో ఏదై ఉంటుంది? కాగితం, అచ్చు, అక్షరాల తీరు చూసి పిల్లలు ఊహించాలి.

ఓపికున్నవాళ్లకు ఇంకొకటి. విశాఖపట్నం జిల్లా గెజిటీర్ (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన ఇంగ్లీషు పుస్తకం) 1907లో వచ్చింది. దాని స్కాన్ ప్రతి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీ ఊరి పేరు, మీ అమ్మమ్మగారి ఊరి పేరు అందులో వెతకండి. అప్పటి ఇంగ్లీషు స్పెల్లింగులు వేరు, కాబట్టి రెండుమూడు రకాలుగా ప్రయత్నించాలి. వందేళ్లనాటి పుస్తకంలో తమ ఊరు కనబడితే ఆ పుస్తకం ఇక పరాయిది కాదు.

## 5. బ్యాగులో ఏముండాలి, ఏముండకూడదు

తీసుకెళ్లాల్సినవి:

- పెన్సిళ్లు, చిన్న నోటుపుస్తకం. పెన్ను ఇంట్లోనే ఉంచండి. పాత పుస్తకాలున్న చోట సిరా పెన్నులు, జెల్ పెన్నులు పనికిరావు.
- చేతులు తుడుచుకోవడానికి రెండు పొడి చేతిరుమాళ్లు.
- అందరి గుర్తింపు కార్డులు.
- చిన్న భూతద్దం. తాటాకు రాత చూడటానికి ఇంతకు మించిన సాధనం లేదు.
- పెద్దవాళ్ల చదువు కళ్లద్దాలు. ఇవి మర్చిపోయి వచ్చేవాళ్లే ఎక్కువ.
- మంచినీళ్లు, తినుబండారాలు. ఇవి బయట తినడానికే, లోపలికి కాదు.

వద్దనుకోవాల్సినవి: తడి గొడుగు, రంగుల డబ్బాలు, అందరి భుజాలకూ పెద్ద బ్యాక్‌ప్యాకులు. వెనక్కి తిరిగినప్పుడు పెట్టెలకు తగిలేది ఈ బ్యాక్‌ప్యాకులే.

## 6. చేతిపని: ముందు ఇదే

శిబిరం ఉంటే దాని సమయానికే చేరుకోండి, ప్రదర్శన ఆ తర్వాత చూడండి. శిబిరం లేకపోతే ముందురోజు సాయంత్రం ఇంట్లో ఈ మూడింటిలో ఒకటి చేయించండి. ఒకటి చాలు. మూడూ ఒకే రోజు పెట్టుకుంటే ఏదీ మనసుకు పట్టదు.

### 6.1 తాటాకు మీద రాత

అన్నిటికంటే బాగుండేది ఇదే. కాస్త ముందుచూపు కావాలి, పది రోజుల ముందే మొదలుపెట్టాలి.

ఆనందపురం, పద్మనాభం వైపు చుట్టాలుంటే పని సులువు. ముంజలు అమ్మేవాళ్లను అడిగినా తెచ్చిపెడతారు. ముదురు ఆకు పెళుసుగా ఉంటుంది, ఇంకా పూర్తిగా విచ్చుకోని లేత ఆకు కావాలి.

1. మధ్య ఈనె తీసేసి, జానెడున్నర పొడవు ముక్కలుగా కత్తిరించండి.
2. చెంచా పసుపు వేసిన నీళ్లలో అరగంట ఉడకబెట్టండి.
3. నీడన ఆరబెట్టండి. ఎండలో పెడితే వంకర్లు పోతుంది.
4. పూర్తిగా ఆరాక బరువైన పుస్తకాల కింద వారం రోజులు అణచి ఉంచండి.
5. మెత్తటి గుడ్డతో రుద్ది నునుపు చేయండి.

రాయడానికి వాడేది ఘంటం. పిల్లలకు అసలు ఘంటం వద్దు, మొన పదును. రీఫిల్ అయిపోయిన బాల్ పెన్ చక్కగా సరిపోతుంది. పదేళ్లు దాటినవాళ్లకు మొన అరగదీసిన మేకును చెక్కపిడిలో దిగ్గొట్టి ఇవ్వొచ్చు, పెద్దవాళ్లు పక్కనుండాలి.

మొదట రాయించకండి. ముందు ఒక పరీక్ష చేయించండి. ఆకు పొడవునా ఒక అడ్డగీత గట్టిగా గీయమనండి. ఆకు నార కూడా అదే దిక్కుగా ఉంటుంది కాబట్టి చిన్న చప్పుడుతో గీత వెంబడి చీలుతుంది. ఇప్పుడు పక్కనే ఒక సున్న చుట్టమనండి. చీలదు. తెలుగు అక్షరాలు ఇలా గుండ్రంగా తిరగడానికి తాటాకు కూడా ఒక కారణమని చెబుతారు. ఆ మాట మీరు నోటితో చెబితే పిల్లలు ఊ కొడతారు. ఆకు తమ చేతిలో చీలితే మర్చిపోరు.

తర్వాత రాత. ఆకు ఎడమచేతిలో, ఘంటం కుడిచేతిలో. ఎడమ బొటనవేలు ఘంటానికి ఆనిక. రాసేకొద్దీ చేయి జరపడం కాదు, ఆకునే ఎడమవైపు జరుపుకుంటూ పోవాలి. పిల్లలకు ఇది మొదట కుదరదు, బల్ల మీద పెట్టి రాసినా ఫరవాలేదు. పేరులో రెండు అక్షరాలు చాలు.

రాసిన వెంటనే ఏమీ కనిపించదు. లేత పసుపు ఆకు మీద సన్నటి గీరలు, అంతే. "రాలేదు" అని పిల్లలు ముఖం వేలాడేస్తారు. అప్పుడు ఇంట్లో ఉన్న కాటుకను చుక్క నువ్వుల నూనెతో కలిపి, వేలితో ఆకంతా రుద్దండి. ఆకు మొత్తం నల్లబడిపోతుంది. ఒక్క క్షణం అంతా పాడైందనిపిస్తుంది. పొడిగుడ్డతో తుడవండి. పైనున్న నలుపు పోయి, గీరల్లో దిగినది మిగిలి, అక్షరాలు పైకి తేలతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ క్షణం కొత్తగానే ఉంటుంది.

### 6.2 అచ్చు వేయడం

అచ్చులో అక్షరం తిరగబడి ఉంటుందని పిల్లలకు చెప్పకండి. బంగాళదుంప సగానికి కోసి, వాళ్ల పేరులో మొదటి అక్షరం మామూలుగానే గీయమనండి. చుట్టూ ఉన్నది పెద్దవాళ్లు చాకుతో చెక్కి తీసేయాలి. స్టాంపు సిరా అద్ది కాగితం మీద నొక్కితే అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి పడుతుంది. రెండో దుంప మీద ఎలా గీయాలో వాళ్లే కనిపెడతారు.

శిబిరంలో అసలు సీసపు అచ్చులు పెడితే ఒక జాగ్రత్త. సీసం ఒంట్లోకి పోకూడదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించాకే తిండి. నోట్లో వేళ్లు పెట్టుకునే వయసు పిల్లలను ఆ బల్లకు దూరంగా ఉంచండి.

### 6.3 మూడు బెజ్జాల కుట్టు

ఐదు ఏ4 కాగితాలను సగానికి మడవండి. పైన కాస్త మందపు కాగితం అట్టగా పెట్టండి. మడత మీద మధ్యలో ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి బెజ్జాలు పొడవండి. దారానికి కొవ్వొత్తి రాస్తే చిక్కుపడదు.

1. లోపలి నుంచి మధ్య బెజ్జం గుండా సూది బయటికి తీయండి. లోపల నాలుగు వేళ్ల దారం వదలండి.
2. బయటి నుంచి పై బెజ్జంలోకి.
3. లోపల మధ్య బెజ్జాన్ని దాటేసి, నేరుగా కింది బెజ్జంలోంచి బయటికి.
4. బయటి నుంచి మళ్లీ మధ్య బెజ్జంలోకి.
5. లోపల రెండు దారపు కొసలూ పొడవాటి కుట్టుకు చెరోవైపు ఉండేలా చూసి ముడి వేయండి.

కొసలు రెండూ ఒకే వైపు ఉంటే కుట్టు వదులవుతుంది. అందరూ తప్పేది ఇక్కడే. ఈ పుస్తకం దాచండి, ఇంటికొచ్చాక దీనితో పని ఉంది.

## 7. వెళ్లే రోజు

ముందు ప్రదర్శన, బీచ్ ఆ తర్వాతే. ఇది నేను గట్టిగా చెప్పే మాట. మ్యూజియం ఎదురుగా సముద్రం కనిపిస్తుంటే పిల్లలు ఆగరు, నాకూ తెలుసు. కానీ తడి కాళ్లు, జేబుల్లో ఇసుక, మురీ మిక్చర్ తిన్న నిమ్మరసం చేతులు, ఇవేవీ పాత కాగితం దగ్గరికి రాకూడదు. "ముందు పుస్తకాలు, తర్వాత కెరటాలు" అని ఇంట్లోనే ఒప్పందం చేసుకోండి.

బయల్దేరే ముందు, చేరాక:

- పిల్లలకు కడుపు నిండా టిఫిన్ పెట్టండి.
- చేతులకు లోషన్, క్రీమ్ రాయకండి. తలకు నూనె పెట్టిన రోజు జుట్టు బిగించి కట్టండి. అద్దానికి నుదురు ఆనిస్తే జిడ్డు మరక పడుతుంది. అది తుడవడం అక్కడి సిబ్బందికి ఎంత పనో దగ్గరుండి చూశాను.
- చేరగానే సబ్బుతో చేతులు కడిగి పూర్తిగా ఆరబెట్టుకోండి. శానిటైజర్ దీనికి సాటిరాదు.
- ఎండలోంచి లోపలికి వెళ్లాక ఐదు నిమిషాలు కూర్చోండి. గది మసకగా ఉంటుంది, కళ్లు అలవాటు పడాలి.

ఆ మసక వెలుతురు పొదుపు కోసం కాదు. వెలుతురు కాగితాన్ని, సిరాను, రంగులను మెల్లమెల్లగా తినేస్తుంది. అందుకే పాత కాగితానికి 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలత) మించకుండా వెలుతురు ఉంచడం ప్రదర్శనల్లో పాటించే పద్ధతి. ఫ్లాష్ వద్దనడమూ, ఫోన్ టార్చి వేయవద్దనడమూ ఇందుకే. పిల్లలకు ఈ కారణం చెప్పండి, ఊరికే "వద్దు" అనకండి.

## 8. గాజుపెట్టెల దగ్గర

అన్నీ చూడాలనుకోకండి. ఇరవై పెట్టెలుంటే ఐదు చాలు.

ముందు ఎక్కడా ఆగకుండా గదంతా ఒక చుట్టు తిరగండి. ఒక్కొక్కరు తమకు నచ్చిన ఒక పెట్టెను ఎంచుకోవాలి, అమ్మమ్మతో సహా. రెండో చుట్టులో ఆ పెట్టెల దగ్గరే ఆగాలి. ఒక్కోదాని దగ్గర ఐదు నిమిషాలు. ఎంచుకున్నవాళ్లు ఎందుకు ఎంచుకున్నారో చెప్పాలి. చీటీ చివర్లో చదవాలి. ముందే చదివితే కన్ను పని మానేస్తుంది.

తాటాకు గ్రంథం ముందు చూడాల్సినవి:

- ఆకు వెడల్పు. తాటాకు సన్నం, శ్రీతాళం (తాటి లాంటిదే ఇంకో చెట్టు) ఆకు కాస్త వెడల్పుగా, పలచగా ఉంటుంది.
- తాడు దూర్చే బెజ్జం. దాని చుట్టూ రాయకుండా వదిలిన చోటు ఉందా?
- మాటకూ మాటకూ మధ్య ఎడం ఉందా? చాలా గ్రంథాల్లో ఉండదు. ఒక పంక్తిలో తెలిసిన ఒక్క మాట వెతకండి. దొరికితే అక్కడి నుంచి పక్కది విడిపోతుంది.
- అంచున ఆకు సంఖ్య. మీ పిల్లలు నేర్చుకున్న అంకెలే.
- పురుగు తొలిచిన బెజ్జాలు. వరుసగా ఉన్న ఆకుల్లో అవి ఒకే చోట ఉన్నాయా?
- మసి పూయని ఆకు ఏదైనా ఉందా? పక్కకు వంగి ఏటవాలుగా చూస్తే గీరలు మెరుస్తాయి.

ఇక్కడే చేతిపని ఫలితం కనిపిస్తుంది. రెండు అక్షరాలకే వేళ్లు నొప్పి పుట్టిన పిల్లకు, ఒక్క ఆకులో ఏడెనిమిది పంక్తులు చూడగానే అర్థమవుతుంది. పాత లేఖకులు గ్రంథం చివర ఒక శ్లోకం రాసేవాళ్లు. నన్ను నూనె నుంచి కాపాడు, నీటి నుంచి కాపాడు, వదులైన కట్టు నుంచి కాపాడు, మూర్ఖుడి చేతికి ఇవ్వకు అని పుస్తకమే వేడుకుంటున్నట్టు ఉంటుంది అది. ఇంకో శ్లోకంలో నడుము విరిగి, మెడ వాలి, కష్టపడి రాశాను, జాగ్రత్తగా చూసుకో అంటాడు రాసినవాడు. ఇవి ఉన్న గ్రంథం ప్రదర్శనలో ఉందేమో అడగండి, చదివించుకుని వినండి.

అచ్చు పుస్తకం ముందు: ముఖపత్రం మీద ముద్రాక్షరశాల పేరు, ఊరు, సంవత్సరం, వెల. తర్వాత అక్షరాల కొసలు. అచ్చు కాగితంలోకి దిగిన నొక్కు పక్క వెలుతురులో తెలుస్తుంది. సొంతదారుల సంతకాలు, ఎవరికో బహుమతిగా ఇస్తూ రాసిన మాటలు నాకు మరీ ఇష్టం. పిల్లలతో అవి చదివించండి.

ఒక్క స్థానిక సంగతి చెప్పి ముందుకెళ్తాను, పిల్లలకు ఉపయోగపడుతుంది. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు ఇక్కడే తెలుగు నేర్చుకుని సువార్తలు అనువదించారు. అవి అచ్చయింది మాత్రం బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో, 1812లో. "ఇక్కడ రాసి అక్కడెందుకు అచ్చు వేశారు?" అని అడిగి చూడండి. దుంప అచ్చు చేసిన పిల్లలు, తెలుగుకు ఎన్ని గుణింతాలు, ఎన్ని ఒత్తులు విడివిడిగా సీసపు అచ్చులుగా పోత పోయాలో వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెడతారు.

ముట్టుకోనిస్తే ఏం చేయాలి? పాత కాగితాన్ని శుభ్రమైన, పొడి చేతులతోనే పట్టుకోవాలి. తొడుగులుంటే వేళ్లకు స్పర్శ తెలియక అంచు చిరిగే ప్రమాదం ఎక్కువ. ఫొటోలకు మాత్రం తొడుగులు కావాలి. వేలికి ఉమ్మి తడి చేసి పుట తిప్పే అలవాటు పెద్దవాళ్లలో ఉంటుంది, ముందే మెల్లగా గుర్తుచేయండి. పుట పై మూలను పట్టుకుని నెమ్మదిగా ఎత్తాలి. పుస్తకం బోర్లా పెట్టకూడదు, పూర్తిగా వెనక్కి విరవకూడదు. ఇన్నిటికీ ముందు, అక్కడి మనిషి చెప్పిందే చేయాలి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

పిల్లవాడు పది నిమిషాల్లో విసుక్కున్నాడు. బయటికి తీసుకెళ్లి నీళ్లు తాగించి, ఒక్క పెట్టె కోసమే మళ్లీ లోపలికి రండి. పెన్సిల్ ఇచ్చి ఒక అక్షరం చూసి బొమ్మ గీయమనండి. గీసేటప్పుడు పిల్లలు కదలరు.

చేతిపనికి సీట్లు నిండిపోయాయి. వెనక నిలబడి చూడొచ్చా అని అడగండి. మిగిలిన ఆకుముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి.

తాటాకు రాసేటప్పుడు ప్రతిసారీ చీలుతోంది. ఆకు మరీ ఎండిపోయింది. తడిగుడ్డలో అరగంట చుట్టి ఉంచి, ఉపరితలం ఆరాక మళ్లీ రాయండి.

కాటుక పూశాక అక్షరం కనబడటం లేదు. గీర లోతు చాలలేదు. అదే గీర మీద రెండోసారి ఘంటం నడిపి మళ్లీ రుద్దండి.

వివరించేవాళ్లు గబగబా చెప్పేస్తున్నారు. "ఇందులో మీకు బాగా ఇష్టమైనది ఏదండీ?" అని అడగండి. అంతే, వాళ్ల మాట తీరే మారిపోతుంది.

ఫోన్లో అన్నీ ఫొటోలు తీశాం, ఏదీ గుర్తులేదు. అనుమతి ఉన్నా ఒక్కొక్కరికి మూడు ఫొటోలే అని లెక్క పెట్టుకోండి.

## 10. ఇంటికొచ్చాక, రెండు రోజుల్లోపు

పిల్లలు అడిగే మొదటి ప్రశ్న "మనింట్లో పాత పుస్తకాలున్నాయా?" అన్నదే. ఉంటాయి. అటక మీద పెట్టెలో తాతగారి పెద్దబాలశిక్ష, పంచాంగాలు, పెళ్లి శుభలేఖలు, భూమి కాగితాలు. అవి దించే ముందు ఇవి చూసుకోండి:

- చిరిగిన చోట సెల్లోటేపు అంటించకండి. కొన్నేళ్లకు పసుపు మరక మిగిలి, కాగితం దాంతోపాటే పోతుంది.
- లామినేషన్ అసలే వద్దు, మళ్లీ విప్పలేం.
- ఎండలో ఆరబెట్టకండి. నీడలో, ఫ్యాను గాలికి దూరంగా, పుటలు కొద్దిగా విచ్చి నిలబెట్టండి.
- దుమ్మును మెత్తటి పొడి కుంచెతో లోపలి నుంచి అంచు వైపు దులపండి. తడిగుడ్డ వద్దు.
- తడి తగిలిన పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టకండి, బూజు పడుతుంది. మన సముద్రపు గాలికి ఇది మరీ తొందరగా జరుగుతుంది.
- వేపాకు వేస్తే బాగా ఎండినదే, అదీ పలచటి గుడ్డలో కట్టి. పచ్చి ఆకు మరక వేస్తుంది.
- బీరువాను గోడకు నాలుగు వేళ్ల దూరం జరపండి. వానాకాలంలో గోడ చెమ్మ పుస్తకాలకు ఎక్కుతుంది.

పెట్టెలో తాటాకు కట్ట కనబడితే తాడు విప్పకండి. ఆకులు ఒకదానికొకటి అంటుకుని ఉంటే విడదీయకండి, నూనె పూయకండి. ఉన్నది ఉన్నట్టు శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, ప్రదర్శనలో కలిసిన గ్రంథాలయం మనిషికి ఫోన్ చేసి ఏం చేయాలో అడగండి.

ఇక పిల్లలు కుట్టిన పుస్తకం తీయండి. పుటకు ఒక పాత పుస్తకం చొప్పున రాయించండి: పేరు, ఎవరిది, ఏ ఏడాది, ఎవరి చేతి మీదుగా మనింటికి వచ్చింది. ఏడాది దొరక్క విశ్వావసు అనో, పరాభవ అనో పేరే ఉంటే లెక్క వాళ్లే వేస్తారు. తెలియని చోట ఖాళీ వదిలి, వచ్చే పండక్కి అమ్మమ్మ వచ్చినప్పుడు అడిగి పూరించాలి. పెన్సిల్‌తోనే.